ఫుసాయె రోటరీ కారు

మా షెడ్డులో ఆల్చిప్పలు విప్పే ఆడవాళ్ళం పద్నాలుగు మందిమి. నా పక్క బల్ల ఫుసాయెది. ఇంటిపేరు ఒకిమొతో. అక్టోబరు చివర మొదలుపెట్టి మే నెల దాకా, హిరోషిమా దగ్గర కురహాషి దీవిలో ఆ రేకుల కప్పు కింద, ఇరవై ఆరు చలికాలాలు ఆమె మోచేతికి నా మోచెయ్యి తగులుతూ పనిచేశాను. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అక్కా అనేదాన్ని. ఆమె కారు గురించి ఒకసారి పత్రికలో అరపేజీ రాశారు. అందులో ఆమె పేరు లేదు. అందుకే ఈ సంగతి నేను చెబుతున్నాను.

ఫుసాయె పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చేతులు మాత్రం ఆగేవి కావు. చిప్ప సందులో కత్తి దూర్చి, మణికట్టు ఒక్క తిప్పు తిప్పి, లోపలి మాంసాన్ని చిరగకుండా తీసి పక్క గిన్నెలో వేసేది. నేను రెండు విప్పేలోగా ఆమెవి మూడు అయిపోయేవి. ఆమెకి కారు పిచ్చి ఎలా పట్టిందో షెడ్డులో అందరికీ తెలుసు. ముసలివాళ్ళు కొత్తగా చేరినవాళ్ళకి ఆ కథ చెప్పి నవ్వించేవారు.

1986 వసంతంలో షెడ్డు యజమాని తమ్ముడు కురె పట్నం నుంచి ఎర్రటి కారు వేసుకొచ్చాడు. మా హిరోషిమా కంపెనీ రోటరీ కారే, అప్పుడే కొత్తగా వచ్చింది. చిప్పల లారీకి అడ్డంగా పెట్టి తను భోజనానికి కూర్చున్నాడు. యజమాని గట్టిగా అరిచాడు.

"ఫుసాయె! నీకు గేరు బండి వచ్చుగా. ఆ కారు కాస్త పక్కకి లాగు!"

"పక్కకి లాగి వెంటనే ఆపెయ్యకు," అన్నాడు తమ్ముడు నోట్లో అన్నం పెట్టుకునే. "నాలుగడుగులు కదిపి ఆపేస్తే ప్లగ్గులు తడిసిపోతాయి. మళ్ళీ స్టార్ట్ అవదు."

ఫుసాయె రబ్బరు బూట్లతోనే ఎక్కింది. లారీకి దారి ఇచ్చింది. ఆ తరవాత కారు ఆపకుండా, సముద్రం ఒడ్డు రోడ్డు పట్టుకుని దీవి చివర దాకా వెళ్ళి అరగంటకి తిరిగొచ్చింది. తమ్ముడు గుమ్మంలో చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడు.

"ఎక్కడికి పోయావమ్మా తల్లీ!"

"నాలుగడుగులు కదిపి ఆపకూడదన్నారుగా. అందుకని కాస్త తిప్పుకొచ్చాను," అంది.

అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదట. ఆ రోజు సంగతి చాలా ఏళ్ళ తరవాత నాతో ఒకసారి చెప్పింది. "ఇంజను పైపైకి పోతుంటే వణుకన్నది లేదే. సన్నగా మూలుగుతూ అలా పోతూనే ఉంది. పొద్దున లేచింది మొదలు ఈ చేతులు ఎవరో ఒకరి పని చేస్తూనే ఉండేవి. ఆ అరగంటా అవి నావి."

అప్పటికి ఆమెకి ముప్ఫై ఒకటి. కూతురు మిహోకి ఐదేళ్ళు. భర్త యొషిహారు కురెలో ఒక ఇనుప సామాన్ల కార్ఖానా గోదాములో గుమాస్తా. పెళ్ళయినప్పటి నుంచి తొమ్మిది చలికాలాలు చిప్పలు విప్పి దాచుకున్న డబ్బు ఆమె పేరున పోస్టాఫీసులో ఉంది. ఆ కారు కొంటానని చెబితే యొషిహారు చాలాసేపు నవ్వాడు.

"ఆ ఇరుకు వెనక సీటు మేకపిల్లలకా? కొనుక్కో, కొనుక్కో. ఊళ్ళో ఆడవాళ్ళు కిమోనోలు కొంటారు, మా ఆవిడ సైరన్ కొంటోంది అని చెప్పుకుంటాను."

అడ్డు మాత్రం చెప్పలేదు. ఆ మాట ఆయన వైపు నుంచి కూడా చెప్పాలి.

కార్లమ్మే చోట ఫుసాయె డబ్బు కవరు బల్ల మీద పెట్టింది. అమ్మే కుర్రాడు రెండు చేతులతో అందుకుని, వంగి దణ్ణం పెట్టి, యొషిహారు వైపు తిరిగి రంగుల పుస్తకం తెరిచాడు.

"అయ్యగారికి ఏ రంగు ఇష్టమండీ?"

"తెలుపు," అంది ఫుసాయె.

కాగితాల దగ్గరికి వచ్చేసరికి, చలికాలం మాత్రమే పని ఉండే ఆడమనిషి పేరున అయితే చిక్కులొస్తాయి, కారు నిలిపే స్థలం కూడా చూపించాలి, అది మామగారి పేరున ఉంది, సంతకం బదులు ఇంటాయన పేరు ముద్ర వేస్తే ఇవాళే అయిపోతుంది అన్నాడు. యొషిహారు జేబులోంచి ముద్ర తీసి నొక్కాడు. ఫుసాయె అప్పటికే కారు త్వరగా ఇంటికి రావాలన్న తొందరలో ఉంది. కాగితంలో పేరు ఎవరు చూస్తారులే అనుకుందట.

ఆ రోజు నుంచి ఆ కారు ఆలనాపాలనా అంతా ఆమెదే. దీవిని కురె ఒడ్డుకి కలిపే ఒందో వంతెన దిగాక, మెలికల దారి దాటితే ఇకెహరా అనే మెకానిక్కు కొట్టు ఉంది. అతను కుర్రతనంలో ఆ కంపెనీలోనే ఇంజన్లు బిగించిన మనిషి. మొదటిసారి కారు తీసుకెళ్ళినప్పుడు ఆమెని పక్కన నిలబెట్టి బానెట్ ఎత్తి చెప్పాడు.

"చూడండి ఒకిమొతో గారూ, దీన్లో పిస్టన్లు ఉండవు. మూడు మూలల ముక్కలు రెండు గుండ్రంగా తిరుగుతాయి. ఆ మూలలు అరిగిపోకుండా ఇది కావాలనే కాస్త కాస్త ఆయిలు తాగుతుంది. అది జబ్బు కాదు, దాని తిండి. తిండి పెట్టడం మరిచిపోయారా, ఇక అంతే."

ఆమె మరిచిపోలేదు. పెట్రోలు పోయించిన ప్రతి రెండోసారీ బానెట్ ఎత్తి, ఆయిలు చూసే పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి చూసేది. ఇంట్లో బియ్యం డబ్బా పక్కన ఆయిలు డబ్బా ఉండేది. యొషిహారుకి అది పెద్ద వేళాకోళం.

"ఏమేవ్, నీ రెండో మొగుడు ఇవాళ ఎంత తాగాడు?"

"మీకంటే తక్కువేలెండి," అనేది ఆమె.

ఆయన ఆ కారు జోలికి వెళ్ళేవాడు కాదు. ఒక్కసారి, ముంగిట్లో కడుగుదామని రెండు గజాలు ముందుకి జరిపి ఆపేశాడు. మర్నాడు అది స్టార్ట్ అవలేదు. టైరుని ఒక తన్ను తన్ని, బస్సెక్కి పనికి పోయాడు. ఫుసాయె ప్లగ్గులు ఊడదీసి, స్టవ్వు మీద ఆరబెట్టి, బిగించి, పదింటికల్లా షెడ్డుకి వచ్చింది. ఆలస్యానికి యజమాని చేత తిట్లు తింది.

పదిహేడేళ్ళకి ఇంజను నీరసపడింది. వేడిగా ఉన్నప్పుడు ఆపితే మళ్ళీ అందుకునేది కాదు. ఇకెహరా పరీక్ష చేసి, మూలల్లో ఉండే సన్నటి పట్టీలు అరిగిపోయాయి, మొత్తం విప్పాలి అన్నాడు. ఆ వేసవి షెడ్డు పని లేదు. ఫుసాయె రోజూ అతని కొట్టుకి వెళ్ళి, గిన్నెలో కిరసనాయిలు పోసుకుని ఒక్కొక్క ముక్కా కడిగింది. వేలెడు పొడవు పట్టీలు అవి, ఆరు. వాటిని గాడిలో కూర్చోబెట్టడం ఇకెహరాకి చెయ్యి వణికి కుదరకపోతే, తనే కూర్చోబెట్టింది. "చిప్పలు విప్పిన చెయ్యి కదా, దేన్ని ఎంత నొక్కాలో తెలుసు," అని అతను ఊరంతా చెప్పాడు. ఆ వేసవంతా ఆమె గోళ్ళ సందుల్లో నలుపు పోలేదు. యొషిహారు ఆమె చేత్తో చేసిన సూపు తాగనని, బజార్నుంచి నూడుల్స్ తెచ్చుకునేవాడు.

రోజులు మారాయి. ఆ కారులాంటివి తుక్కు కింద పోయి, మిగిలినవాటికి ఉన్నట్టుండి గొప్ప వచ్చింది. పెట్రోలు బంకు దగ్గర కుర్రాళ్ళు ఫోన్లు తీసి ఫొటోలు పట్టుకునేవారు. ఇంటి దాకా వచ్చేవారు. అప్పటికి యొషిహారు ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్నాడు. ఫుసాయె షెడ్డులో ఉండేది. గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి కనిపించేది ఆయనే.

"ఎంత బాగా చూసుకున్నారండీ!" అనేవారు వాళ్ళు.

మొదట్లో ఆయన నిజమే చెప్పాడు. "నాది కాదు బాబూ, మా ఆవిడది." వాళ్ళు అదేదో హాస్యమనుకుని పగలబడి నవ్వేవారు. పెళ్ళానికి భయపడే మొగుడి మాట అనుకునేవారు. నాలుగైదుసార్లు అలా నవ్వాక ఆయన ఆ మాట అనడం మానేశాడు. ఇంకో ఏడాదికి, "చూసుకోవాలి మరి, ఆయిలు పెట్టాలి, ఓపిక కావాలి," అనడం మొదలెట్టాడు. ఆ తరవాత టోపీ ఒకటి కొన్నాడు. ఆదివారాలు కురెలో పాత కార్లవాళ్ళంతా కలిసే చోటికి కారు తీసుకెళ్ళేవాడు. మాకు సీజన్లో ఆదివారం పని ఉంటుంది. ముందురోజే ఫుసాయె ఆయిలు చూసి, టైర్లు చూసి, అద్దాలు తుడిచి ఉంచేది. "వెళ్ళనీ, మంచిదే. నేను రోజంతా ఇక్కడే ఉంటే పాపం అది మూల నిలబడి ఏం చేస్తుంది," అంది నాతో. కారు గురించే అంది, ఆయన గురించి కాదు.

ఒక ఆదివారం పని తొందరగా అయిపోయి ఆమె కూడా బస్సులో అక్కడికి వెళ్ళింది. కార్ల మధ్య యొషిహారు చుట్టూ ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. ఆయన చెబుతున్నాడు. "మేం ఇంజను విప్పినప్పుడు ఇకెహరాకి చెయ్యి వణికింది. నేనే అన్నాను, ఇలా తే, నేను కూర్చోబెడతానని." ఫుసాయెని చూశాడు. మాట తడబడలేదు. "అదిగో, మా ఆవిడ. ఏమేవ్, వీళ్ళకి టీలు తెచ్చిపెట్టు." ఆమె డబ్బులేస్తే టీ ఇచ్చే మిషను దగ్గరికి వెళ్ళి ఎనిమిది టీ డబ్బాలు కొని తెచ్చింది.

"ఎందుకు తెచ్చావక్కా?" అన్నాను మర్నాడు షెడ్డులో.

"అంతమందిలో ఏం గొడవ పెడతాం?" అంది. "ఇంటికొచ్చాక అడుగుదామనుకున్నాను. వచ్చేసరికి ఆయన నిద్రపోయాడు."

పత్రికవాళ్ళు 2019 వేసవి చివర వచ్చారు. కురెలో వేసే చిన్న పత్రిక. వచ్చిన రోజు ఫుసాయె ఇంట్లోనే ఉంది. బార్లీ టీ పోసింది, కమలాపళ్ళు పెట్టింది. రాసుకునే పిల్ల బాగా చదువుకున్నదే, మర్యాదస్తురాలే. ఆమె వైపు తిరిగి ఒక్క ప్రశ్న అడిగిందట. "అమ్మగారికి ఎప్పుడైనా విసుగొచ్చిందాండీ?" ఫుసాయె జవాబు చెప్పేలోగా యొషిహారు నవ్వేసి, "ఎన్నిసార్లో!" అన్నాడు.

అక్టోబరు చివర షెడ్డు తెరిచిన వారమే ఆ పత్రిక వచ్చింది, ఫుసాయె దాన్ని నాలుగు మడతలు పెట్టి షెడ్డుకి తెచ్చింది. చేతులు కడుక్కుని నేనే పైకి చదివాను. ఫొటోలో యొషిహారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. 'ఒకే కారుతో ముప్ఫై మూడేళ్ళు' అని పెద్ద అక్షరాలు. చివర్లో ఒక ముక్క: 'ఈ పిచ్చిని చిరునవ్వుతో భరించిన భార్య ఓర్పు కూడా మెచ్చుకోదగింది.'

చుట్టూ ఉన్నవాళ్ళు మళ్ళీ చిప్పలు అందుకున్నారు. నేనే అన్నాను, "పోనీలే అక్కా, ఊళ్ళో అందరికీ తెలుసుగా." అనకుండా ఉండాల్సింది. ఆమె కాగితం తీసుకుని పని అంగీ జేబులో పెట్టుకుని కత్తి పట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో అడిగింది.

"పత్రికవాళ్ళకి ఫోన్ చేసి చెప్పండి, కారు నాదని."

"అచ్చయిపోయింది కదే. ఇప్పుడేం చెబుతాం?"

"అచ్చు సంగతి వదిలెయ్యండి. కనీసం కాగితాలు నా పేరుకి మార్చండి."

యొషిహారు అప్పుడు కళ్ళజోడు తీశాడట. "ఈ వయసులోనా? కాగితాలు మార్చే ఆఫీసులో తెలిసినవాళ్ళున్నారు. మొగుడూ పెళ్ళాలు విడిపోతున్నారనుకుంటారు. అయినా అందులో అబద్ధం ఏముంది? కారు నా పేర్న ఉందా లేదా?"

"ఉంది," అంది ఫుసాయె.

"మరి?"

ఆమె తాళంచెవి తన సంచీలోంచి తీసి, గోడకి ఆయన టోపీ తగిలించే మేకుకి తగిలించింది. ఆదివారాలు ఆయన తీసుకెళ్ళినా ఆ తాళంచెవి తిరిగి ఆమె సంచీలోకే చేరేది, ముప్ఫై మూడేళ్ళలో ఆమె దాన్ని వేరే చోట పెట్టడం అదే మొదలు. ఆయన దాన్ని రాజీ అనుకున్నాడు.

ఆ తరవాత నెల రోజులు ఆమె బానెట్ ఎత్తలేదు. పత్రిక చూసి పిలుపులొచ్చాయి. యొషిహారు వారం వారం వెళ్ళాడు. పెట్రోలు పోయించడం ఆయనకి తెలుసు, అద్దాలు తుడవడం తెలుసు. ఆయిలు గురించి ఎంతోమందికి పాఠం చెప్పాడు కానీ, ఆ పుల్ల ఎటువైపు ఉంటుందో ఆయనకి తెలియదని ఫుసాయెకి తెలుసు.

నవంబరు నెలాఖర్న ఒకాయామా అవతల పాత కార్లవాళ్ళ పెద్ద కలయిక ఉందని యొషిహారు బయల్దేరాడు. ఆయన గడ్డం గీసుకుంటుంటే ఫుసాయె ముంగిట్లోకి వెళ్ళింది. అలవాటు కొద్దీ బానెట్ ఎత్తింది. పుల్ల లాగి, తుడిచి, ముంచి చూసింది. చివరి మొనకి మాత్రం తడి అంటింది. కింది గీతకి చాలా కిందికి ఉంది. ఆమె పుల్ల మళ్ళీ తుడిచి, చోట్లో పెట్టి, బానెట్ మూసింది.

యొషిహారు టోపీ సర్దుకుంటూ వచ్చాడు. "అంతా సరిగ్గా ఉందా?"

"మీ కారు. మీరే చూసుకోండి."

"పొద్దున్నే ఏం మాటలే అవి?" అని ఆయన ఎక్కి కూర్చున్నాడు.

ఇదంతా ఆమె నాతో చెప్పింది డిసెంబరులో, పక్కవాళ్ళు వినకుండా చిప్పల చప్పుడు మధ్యలో. "ఆపొచ్చు," అంది. "కారు మలుపు తిరిగేదాకా కనిపిస్తూనే ఉంది. పిలిస్తే వినబడేది. ఏం చెయ్యలేదు. లోపలికొచ్చి గిన్నెలు తోమాను."

పెద్ద రోడ్డు మీద కారు రెండు గంటలు నడిచాక స్టీరింగు ముందు ఆయిలు ఎర్ర దీపం వెలిగింది. పాత కారు కదా, ఏ వైరో వదులైందనుకున్నాడు యొషిహారు. ఎత్తు దారిలో ఇంకొంచెం తొక్కాడు. లోపలి నుంచి పళ్ళు కొరికినట్టు చప్పుడొచ్చి ఇంజను పట్టేసింది. ఆయనకి ఏమీ కాలేదు. పక్కకి ఆపగలిగాడు. కారుని ఇంకో బండి మీద ఎక్కించి ఇకెహరా కొట్టుకి తెచ్చారు.

ఇకెహరాకి అప్పటికి ఎనభై ఒకటి. స్టూలు మీద కూర్చుని, పనివాడి చేత విప్పించాడు. లోపలి గోడలు చాళ్ళు పడిపోయాయి. పట్టీలు రెండు విరిగి ముక్కలయ్యాయి. ఫుసాయె వచ్చి చూసింది. యొషిహారు బయట ఎవరితోనో ఫోన్‌లో జరిగిందంతా చెబుతున్నాడు.

"చుక్క లేదు లోపల," అన్నాడు ఇకెహరా మెల్లగా. "ఫుసాయె గారూ, మీరు ఆయిలు చూడకుండా ఈ కారుని ఎప్పుడూ బయటికి పంపలేదు."

"చూశాను," అంది ఆమె.

ముసలాయన ఆమె మొహంలోకి చూసి, తరవాత తన చేతులు చూసుకున్నాడు. "చూశారా," అన్నాడు. ఆ తరవాత ఆమె ఎదురుపడితే తల వంచేవాడు కానీ, కూర్చోమని మాత్రం అనేవాడు కాదు. ఏ దెబ్బకీ చలించని ఫుసాయె, ఆ ఒక్కదానికి మాత్రం నా ముందు ఏడ్చింది.

ఆమె ఏం ఆశించిందో నాకు సరిగ్గా తెలియదు. ఆయనకి కారు గురించి ఏమీ తెలియదని పదిమందికీ తెలుస్తుందనుకుందేమో. అదేం జరగలేదు. ముప్ఫై మూడేళ్ళు నడిచిన ఇంజను, ఆయుష్షు తీరింది అన్నారు అందరూ. యొషిహారుని ఓదార్చడానికి ఇంటికి వచ్చారు. సాకే సీసాలు తెచ్చారు. ఆయన నిజంగానే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఫుసాయె వాళ్ళకి చేపలు వేయించి పెట్టింది. ఒకతను తాగి ఆమె చేతులు పట్టుకుని, "అమ్మగారూ, ఈ చలికాలం ఆయన్ని జాగ్రత్తగా చూసుకోండి," అని చెప్పి వెళ్ళాడట.

మళ్ళీ ఇంజను వేయించే ఓపిక యొషిహారుకి లేదు. కొట్టు నుంచి తెచ్చి ఇంటి ముంగిట్లో పెట్టిన కారుని, విడిభాగాలకి పనికొస్తుందని ఒకతను అడిగితే జనవరిలో ఇచ్చేశాడు. ముద్ర ఆయనదే, సంతకం ఆయనదే, ఆమెని అడగాల్సిన పని లేదు. దీవి నుంచి వంతెన మీదికి పోయే దారి ఒక్కటే, అది మా షెడ్డు ముందు నుంచే. పదకొండింటప్పుడు పెద్ద బండి మీద తెల్ల కారు వెళ్ళడం కిటికీలోంచి నేనే ముందు చూశాను. చెప్పాలా వద్దా అనుకునేలోగా ఆమె చూసింది. కత్తి చేతిలోనే పట్టుకుని, తడి బూట్లతో గుమ్మం దాకా నడిచింది. బండి ఎక్కుడు దారిలో గేరు మార్చింది. ఆమె వెనక్కి వచ్చి గిన్నె ముందుకి లాక్కుంది. ఆ రోజు విప్పిన మాంసం తూచితే మా ఇద్దరిదీ సమానంగా తూగింది.

ఇప్పుడు ఫుసాయె చిన్న తెల్ల వ్యానులో పనికి వస్తోంది. వ్యాను ఆమె పేరు మీదే ఉంది. దానికి ఏడాదికోసారి కొట్టువాళ్ళే ఆయిలు మారుస్తారు. యొషిహారు టోపీ పెట్టుకుని బస్సులో కలయికలకి వెళుతూనే ఉన్నాడు. అక్కడ ఆయనకి కుర్చీ వేస్తారు.

మొన్న ఫిబ్రవరిలో ఒసాకా నుంచి మిహో ఫోన్ చేసింది. భోజనాల వేళ, మేం షెడ్డు బయట ఎండలో కూర్చుని ఉన్నాం. ఫుసాయె చేతులు తడిగా ఉన్నాయని నేను ఫోన్ పట్టుకున్నాను. మాటలన్నీ నాకు వినబడ్డాయి.

"అమ్మా, నాన్న ఎలా ఉన్నారు? కారు పోయినప్పటి నుంచి మనిషి డీలా పడిపోయారు కదా?"

"బాగానే తింటున్నారు."

"నిన్న మా పిల్లకి చెబుతున్నాను. చిన్నప్పుడు నాకు పన్ను నొప్పొస్తే నాన్న ఆ కారులో కురె ఆసుపత్రికి తీసుకెళ్ళేవారు. వంతెన మెలికల దగ్గర నేను ఏడుపు ఆపి నవ్వేదాన్ని. నాన్న ఇంకోసారి తిప్పేవారు, గుర్తుందా?"

ఫుసాయె నోట్లో అన్నం ఉంది. నమిలి మింగింది. నేను ఆమె వైపు చూశాను. ఆ వేళల్లో యొషిహారు కార్ఖానాలో ఉండేవాడు. ఆ మెలికలు ఆమె ఎలా తిప్పేదో, చిన్న మిహో ఎలా నవ్వేదో, నాకు పదిసార్లు చెప్పింది.

"గుర్తుంది," అంది ఫుసాయె. "పాపకి ఇప్పుడు జలుబు తగ్గిందా?"